సాలీడు ఆఖరి గూడు, మా బామ్మర్ది పట్టంచు

హిందూపురంలో మా పెరటి దానిమ్మ చెట్టుకు ఒక సాలీడు గూడు కట్టుకుని ఉండేది. జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేవాణ్ణి కదా, రోజూ పొద్దున కాఫీ గ్లాసుతో దాని ముందు నిలబడేవాణ్ణి. నా క్లాసులో పిల్లలకంటే అదే కుదురుగా ఉండేది.

ఒకరోజు దాని పొట్టమీద తెల్లటి పురుగు కనబడింది. ఒక జాతి కందిరీగ సాలీడు ఒంటిమీద గుడ్డు పెట్టి పోతుంది. అందులోంచి వచ్చిన పురుగు అక్కడే అంటుకుని, సాలీడు రసం తాగుతూ పెరుగుతుంది. సాలీడు మాత్రం ఏమీ జరగనట్టు గూడు అల్లుకుంటూ, ఈగలు పట్టుకుంటూ ఆ అతిథిని పోషిస్తుంది. పురుగు పెద్దదయ్యే వేళకు సాలీడు బుద్ధే మారిపోతుంది. ఈగలు పట్టే జిగురుదారాలు మానేసి, కొన్ని దారాలనే నక్షత్రంలా మందంగా పేర్చి, గాలికి తెగని వేరే గూడు కడుతుంది. అది పురుగు కాపురానికి. గృహప్రవేశానికి ముందే పురుగు ఆ మేస్త్రిని తినేస్తుంది.

అలాంటి గూడు తయారైన పొద్దునే మా బామ్మర్ది ధర్మవరం నుంచి వచ్చాడు. పట్టుచీరల అంచులకు కంప్యూటర్‌లో డిజైన్లు గీస్తాడు. నెమళ్లూ మామిడిపిందెలూ గీసి గీసి విసిగిపోయి ఉన్నాడు.

"ఏం డిజైనుండాది బావా ఇది" అంటూ ఫొటోలు తీశాడు.

నేను సంగతంతా చెప్పి, పురుగును కూడా చూపించాను. ఓపిగ్గా విన్నాడు.

"పురుగును అంచులో పెట్టనులే బావా" అన్నాడు.

మాట నిలబెట్టుకున్నాడు. కొన్నాళ్లకు పురుగు లేని అంచు మగ్గమెక్కింది. షాపువాళ్లు దానికి 'కల్యాణ నక్షత్రం' అని పేరు పెట్టారు. పెళ్లిచీరల్లో అదే ముందు అమ్ముడుపోతోందని ఫోన్ చేశాడు.

"నువ్వు మాత్రం యాడా నోరు తెరవాకు బావా" అన్నాడు చివర్లో. సైన్సు ప్రచారం చేయొద్దని నన్ను అంత మర్యాదగా అడిగినవాళ్లు అంతకుముందు లేరు.

తర్వాత పెనుకొండలో బంధువుల పెళ్లికి వెళ్లాం. మా ఆవిడ తమ్ముడిచ్చిన ఆ చీరే కట్టింది. పీటలమీద పెళ్లికూతురిదీ అదే అంచు. నేనిక ఉండబట్టలేకపోయాను.

"అట్లాంటి గూడు కట్టినాక సాలీడు బతకదు, తెలుసా" అన్నాను మా ఆవిడ చెవిలో.

"తెలీకేం, రోజూ చెప్తానే ఉంటిరి కదా." కుచ్చెళ్లు సర్దుకుంది. "ఒక సాలీడు చస్తే ఇంత బాధపడతాండారు. ఈ చీరకు ఎన్ని పట్టుపురుగుల్ని ఉడకేసినారో ఎప్పుడన్నా అడిగినారా? ఆ పట్టుగూళ్లు అమ్మేది మనూరి మార్కెట్లోనే. లెయ్యండి, అక్షింతలు వేయాల."

జువాలజీలో ఎమ్మెస్సీ చదివినవాణ్ణి, లేచి వెళ్లి అక్షింతలు వేశాను.

భోజనాల దగ్గర ఒకావిడ మా ఆవిడ అంచు పట్టుకుని చూసి, "ఎవరు గీసినారమ్మా?" అని అడిగింది.

"మా తమ్ముడు" అంది మా ఆవిడ.

నేను ఓళిగ మీద ఇంకాస్త నెయ్యి వేయించుకున్నాను.