నేరేడు కొమ్మ కింద పెళ్లి

మా చెల్లెలి పెళ్లికి అంకిసలో, కోత అయిపోయిన మా మడిలోనే పెద్ద షామియానా వేయించాం. ఆనవాయితీ తప్పకుండా దాని నడిమి గుంజకు నేరేడు కొమ్మ కట్టాం. లగ్నానికి కాస్త ముందు గోదావరి వైపు నుంచి గాలి లేచింది. గుడ్డ ఉబ్బిపోయింది. మెత్తటి నేలలో దిగ్గొట్టిన ఇనుప మేకులు ఒక్కొక్కటే పైకి లేస్తున్నాయి.

"బట్ట దించుండ్రి!" అని అరిచాను.

మా పెదనాన్న అడ్డం నిలబడ్డాడు. "పెండ్లి కాకముందే పందిరి విప్పుతరా? అరిష్టం గాదా?"

"గుంజ నెత్తిన పడితే శుభమా?"

నాకు ఒళ్లు మండిపోయింది. చుట్టాలందరూ మా తగువు చూస్తున్నారే తప్ప, ఆ గుడ్డ కింది నుంచి ఒక్కరూ కదలరు!

అప్పుడు నానమ్మ కుర్చీలోంచి లేచి పెదనాన్నను గదిమింది. "పందిరంటే కొమ్మరా, బట్ట గాదు. కొమ్మ తీస్కపోయి బయట పాతుండ్రి. పెండ్లి ఆడ్నే జేద్దాం."

అని తన కుర్చీ తనే ఈడ్చుకుంటూ బయటికి నడిచింది. ఆమె వెనకే పెళ్లంతా కదిలింది. షామియానా దించి, గుంజలు కూడా పడుకోబెట్టేశాం.

ఆ ఒక్క కొమ్మ పక్కన, దుమ్ములో, నవ్వులతో పెళ్లి జరిగింది. చెల్లెలు పోసిన తలంబ్రాలు పెళ్లికొడుకు మీద పడకుండా గాలికి కొట్టుకొచ్చి పెదనాన్న నెత్తిన పడ్డాయి.

ఆయన బియ్యం దులుపుకుంటూ నా వైపు చూశాడు.

"గుంజ పడుడు కన్న గివే నయం, బిడ్డా."