నూట నలభై మూడు మంది విశ్వాసులు

అమెరికాలో, ప్లేనో అనే ఊళ్ళో మా తెలుగు సహవాసం ఒక కొరియన్ చర్చి హాలులో కూడేది. పొద్దున వాళ్ళ ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం రెండింటికి హాలు మాకిచ్చేవాళ్ళు. హాజరు లెక్క, ప్రార్థన మనవుల పెట్టె నా బాధ్యత. నేను కాలేజీ చదువు చదవలేదు. ఒక గిడ్డంగిలో సరుకు లెక్క చూసే ఉద్యోగం, ఆ లెక్క కూడా తప్పులు చేసి నేర్చుకున్నదే.

మనవి చీటీలకు నేనొక పద్ధతి పెట్టాను. పేరు, ఇంటిపేరు, ఊరు, ఇంటి గుర్తు, సమస్య. ఎవరైనా "మా అక్క కోసం" అని మాత్రమే రాస్తే చీటీ వెనక్కి ఇచ్చేవాణ్ణి.

"దేవుడికి పిన్‌కోడ్ కూడా కావాలేమో కనుక్కోండి," అనేది మా ఆవిడ.

2006లో ఆ పెట్టెలో ఒక ఇంగ్లీషు చీటీ రావడం మొదలైంది. వారం వారం అదే మాట: నా తమ్ముడు. రాసేది కొరియన్ చర్చి వంటగది చూసుకునే డెబ్బై ఏళ్ళావిడ. తమ భోజనాల గిన్నెలు కడిగి, మా వెనక బెంచీలో వచ్చి కూర్చునేది. తెలుగు ఒక్క ముక్క రాదు. మా పిల్లలు ఆమెను కిచెన్ అమ్మమ్మ అనేవాళ్ళు.

నాలుగో వారం చీటీ పట్టుకుని ఆమె దగ్గరికే వెళ్ళాను. ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లీషే.

"పేరు లేదు, ఊరు లేదు అమ్మమ్మా."

"ఊరు నార్త్‌లో ఉంది. యుద్ధంలో నేను ఇటు వచ్చాను, వాడు అటు ఉండిపోయాడు. తొమ్మిదేళ్ళు వాడికి. మా నాన్న అక్కడ పాస్టరు. పాస్టరు కొడుకని తెలిస్తే ఏం చేస్తారో నీకు తెలుసా?"

తెలియదన్నాను.

"అందుకే మీ పెట్టెలో వేస్తున్నా. మా వాళ్ళకు తెలుసు. భయపడి చింపేస్తారు."

ఇంకేమీ అడగలేదు. కానీ మనవులు ఎక్కించుకునే నా పుస్తకంలో ఆమె వరసలో నాలుగు గడులు ఖాళీగా ఉండడం నాకు నచ్చలేదు. ఆ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

మరుసటి ఏడాది ఒక పెద్ద అమెరికన్ చర్చి మందులతో ఉత్తర కొరియాకు ఒక బృందాన్ని పంపుతూ మా పాస్టర్ గారిని కూడా తీసుకెళ్ళింది. రెండు ఆదివారాలు, రాజధానిలో రెండు చర్చీలు. తిరిగొచ్చి ఆయన తెర మీద ఫోటోలు చూపించారు.

"అక్కడ సంఘం లేదని ఎవరన్నారండీ? నా కళ్ళతో చూశాను. కూర్చోవడానికి చోటు లేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. ఫోటోల్లో ఏముందో అర్థమైన కిచెన్ అమ్మమ్మ వచ్చి నా చొక్కా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు లెక్కల మనిషివి. నిజంగా ఎంతమంది?"

మొదటి చర్చి ఫోటో పెద్దది చేయించి, వరస తర్వాత వరస లెక్కపెట్టి మరుసటి వారం చెప్పాను. నూట నలభై మూడు.

"సరిగ్గా?"

"రెండుసార్లు లెక్కపెట్టాను."

ఆమె పెన్ను అడిగింది. తమ్ముడి పేరు, తండ్రి పేరు, ఊరు, ఇంటి గుర్తు. గడులన్నీ నిండాయి. పాస్టర్ గారు రెండోసారి వెళ్ళినప్పుడు ఆ కాగితాన్ని అక్కడి చర్చి పెద్దల చేతికిచ్చారు. "ఎంత శ్రద్ధగా రాసుకున్నారో బ్రదర్," అన్నారు వచ్చాక.

ఆరు నెలలకు ఒక ఉత్తరం, ఒక ఫోటో వచ్చాయి. తమ్ముడు దొరికాడు. రాజధానిలోనే ఉంటున్నాడు, చర్చికి వెళ్తున్నాడు. ఆమె ఫోటోను చెంపకు ఆనించుకుని ఏడుస్తుంటే హాలంతా లేచి నిలబడింది. నోటీసు బోర్డు మీద పెట్టమని పాస్టర్ గారు ఫోటోలన్నీ నాకిచ్చారు.

వాటిని గుచ్చుతున్నప్పుడు ఆ తమ్ముడికి కుడి చెవి తమ్మె లేకపోవడం కనిపించింది. ఆ చెవిని అంతకుముందే చూశాను. నూట నలభై మూడు మందిలో, మూడో వరస చివర. అది కాగితం వెళ్ళకముందు తీసిన ఫోటో. నిజంగానే తమ్ముడేమో, మొదటి నుంచీ అక్కడే ఉన్నాడేమో అనుకున్నాను. తర్వాత రెండో చర్చి ఫోటో తీశాను. అందులోనూ ఉన్నాడు.

అప్పుడు తలలు మాని మొహాలు చూడడం మొదలుపెట్టాను. అరవై ఒక్క మంది రెండు ఫోటోల్లోనూ ఉన్నారు. రెండింట్లోనూ ఒక్క పసిబిడ్డ లేదు. మా దగ్గర పిల్లల ఏడుపులకు ప్రసంగమే వినపడదు. ఒకే పెట్టెను రెండు అరల్లో చూపిస్తే నిల్వ రెట్టింపు కనిపిస్తుందని గిడ్డంగిలో కొత్తగా చేరినవాళ్ళకు నేనే చెప్తాను.

పాస్టర్ గారికి చూపించాను. ఆయన ఫోటోల వైపు ఎక్కువసేపు చూడలేదు.

"గొర్రెల్ని కాపరి లెక్కపెట్టుకుంటాడు బ్రదర్, నీకెందుకు? సమ్మర్‌కి ముప్పై మంది టీమ్ రెడీ అవుతోంది. ఇప్పుడు డౌట్లు రెయిజ్ చేయకు, ప్రేయర్ చెయ్యి."

కిచెన్ అమ్మమ్మకు వంటగదిలో చెప్పాను. రెండు ఫోటోలూ స్టీలు బల్ల మీద పెట్టి ఆ చెవి చూపించాను. ఆమె చేతులు తుడుచుకుంది.

"మొదటి రోజే తెలుసు," అంది. "వాడు కాదని తెలిసే ఏడ్చాను. మీరంతా సంతోషం అనుకున్నారు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"ఇంటి గుర్తు వాళ్ళ చేతిలో ఉంది. నేను గొడవ చేస్తే ఆ కోపం ఎవరి మీద తీరుతుంది? వాడు బతికే ఉంటే, వాడి కోసమే ఈ మనిషిని నేను తమ్ముడనాలి." ఫోటోలు నా చేతిలో పెట్టింది. "నువ్వు కూడా నోరు మూసుకో. ఇప్పటికే చాలా సాయం చేశావు."

ఆ తర్వాత ఐదేళ్ళు ఆ చెవి తెగిన మనిషికి ఆమె ప్రేమగా ఉత్తరాలు రాసింది. అతని జవాబుల్లో ప్రతిసారీ ఒక ప్రశ్న ఉండేది: మన బంధువులు ఇక్కడ ఇంకా ఎవరున్నారు, పేర్లు రాయి. అందరూ చనిపోయారని ఆమె రాసేది. ఆ జవాబులను పాస్టర్ గారు ఇంగ్లీషు చేయించి మాకు చదివి వినిపించేవారు, ప్రశ్న ఉన్న వాక్యంతో సహా. ఆమె వెనక బెంచీలో తల ఊపుతూ కూర్చునేది. ఆమెను చూడడానికని వేరే సంఘాల వాళ్ళు కూడా వచ్చేవాళ్ళు.

2014లో ఆమె చనిపోయింది. అంత్యక్రియల ఆరాధనలో పాస్టర్ గారు సాక్ష్యం చెప్పారు. అరవై ఏళ్ళు విడిపోయిన అక్కాతమ్ముళ్ళను దేవుడు కలిపాడని. మా ముందు వరసలో కూర్చున్న కొరియన్ పెద్దలు కదలలేదు. తెలుగువాళ్ళంతా ఆమెన్ అన్నారు. మా ఆవిడ మోచేత్తో నన్ను పొడిచింది.

నోరు మూసుకొమ్మన్న ఆమె మాట ఆమెతోనే పోయిందా, ఇంకా ఉందా అన్నది నాకు తేలలేదు. తమ్ముడు బతికి ఉంటే అప్పటికి డెబ్బై మూడేళ్ళు. ఆ ఊరికి ఎవరు వెళ్ళారో, ఆ ఇంట్లో ఎవరు కనిపించారో చెప్పే కాగితం ఏదీ రాలేదు.

నేనూ ఆమెన్ అన్నాను.