పెద్ద నంబరే సన్న పోగు

మా కాక దశరథం ఈ నెల కన్నుమూశాడు. సూరత్ పక్కన కడోదరాలోని మరమగ్గాల కార్ఖానాలో, పట్టపగలు, తన సాంచెకు దారం చుట్టిన బీము ఎక్కిస్తూ గుండె పట్టుకుని కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. నేను బార్డోలీలో పిల్లలకు లెక్కలు చెప్పి బస్సులో తిరిగి వస్తుండగా ఫోన్ వచ్చింది. దిగ్భ్రాంతి అనే మాటను పెద్దల వ్యాసాల్లో చాలాసార్లు చదివాను గానీ, అది మనిషిని ఎట్లా పట్టుకుంటుందో ఆ బస్సులోనే తెలిసింది. నా స్టాపు దాటిపోయినా సీట్లోంచి లేవలేకపోయాను.

సంతాప సభలో ఇక్కడి మన తెలుగు నేతవాళ్ల సంఘం పెద్దలు ఆయనను విద్యాభిమాని అన్నారు, నిరాడంబరమూర్తి అన్నారు. చచ్చినవాడి కళ్లు చారెడు. బతికుండగా ఆ పెద్దల్లో ఒక్కరూ ఆయనకు కుర్చీ వేయలేదు. అందుకే నాకు తెలిసిన దశరథం గురించి నేనే రాస్తున్నాను. ఇందులో నా తప్పూ ఉంది, దాచను.

కాక చదివింది ఏడో తరగతి. మా బాపు పోయాక నన్నూ అమ్మనూ తన ఇంట్లో పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని దారాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి అది ఎన్ని డెనియర్లదో చెప్పగలిగేవాడు. సూరత్ సాంచెల మీద నడిచే పాలిస్టర్ దారానికి అదే కొలత. డెనియర్ నంబరు చిన్నదైతే పోగు సన్నం, మాటిమాటికీ తెగుతుంది, ఆరితేరిన చేయి కావాలి. నంబరు పెద్దదైతే పోగు మోటు, కొత్తవాడికైనా నడుస్తుంది. ముప్పై ఏళ్లు ఆ లెక్కతోనే ఆయన బతికాడు.

నేను డిగ్రీలో చేరిన రోజు కాక షిఫ్టు వదులుకుని నాతో వచ్చాడు. గోడకు అంటించిన జాబితాలోంచి ఒక సబ్జెక్టు మనమే ఎంచుకోవాలి. స్టాటిస్టిక్స్ రెండు చోట్ల కనిపించింది: ఒకటి 101, ఒకటి 301. కాక చాలాసేపు చూశాడు.

“చిన్న నంబరు జోలికి పోకు బిడ్డా. మొదాల్లనే సన్న పోగు పడితే తెగుతది. మూడు వందలది తీస్కో, మోటుగుంటది, నడుస్తది.”

నాకది న్యాయంగానే తోచింది. నేనూ సాంచెల ఇంటి పిల్లనే కదా.

ఆ ఫారం మీద గుమస్తా ముద్ర కొట్టాడు. సలహాదారు అని బల్ల మీద పేరు పెట్టుకున్న అధ్యాపకుడు సంతకం చేశాడు. ఇంకొకరు కంప్యూటర్లో ఎక్కించారు. అమ్మాయీ, మొదటి ఏడాదిలో ఇదెందుకని ముగ్గురిలో ఒక్కరూ తలెత్తి అడగలేదు. నంబర్ల అర్థం కాలేజీ పుస్తకంలో ఉంది, ఆఖరి పేజీలో, ఇంగ్లీషులో.

మూడో ఏడాది వాళ్ల మధ్య కూర్చున్నాను. మాస్టారు మొదలుపెట్టే చోటికి చేరడానికి వాళ్లు రెండేళ్లు చదివి వచ్చారు. నేను తప్పాను, ఒక ఏడాది పోయింది. సలహాదారు దగ్గరికి వెళ్తే, “నంబర్ తుమ్నే హీ లిఖా థా నా?” అన్నాడు. రాసింది నువ్వే కదా అని. అక్కడి నుంచి ఇంటికొచ్చాను. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, గల్లీలో అందరి ముందూ కాక మీద పడ్డాను.

“నీకు సాంచెలు తప్ప ఏమెర్క కాకా? ఇగ నా సదువుల వేలు పెట్టకు.”

ఆయన అన్నం డబ్బా పట్టుకుని పనికి పోయాడు.

తర్వాతి సెలవు రోజున ఒక్కడే కాలేజీకి వెళ్లి, గేటు దగ్గర పిల్లలను ఆపి, ఆ ఆఖరి పేజీని చదివించుకున్నాడట. “మొదటి పేజీల రాసే ముచ్చట ఆఖరికి ఎందుకు రాసిండ్రు?” అని అడిగాడట. అప్పటినుంచి ఏటా జూన్‌లో మన గల్లీ పిల్లలెవరు చేరినా వెంట కాక ఉండేవాడు. “సాంచెల లెక్క మర్చిపోండ్రి. ఈడ పెద్ద నంబరే సన్న పోగు. నూరుది మొదటి ఏడాదికి, రెండొందలది దాని మీద, మూడొందలది ఆ రెండిటి మీద” అనేవాడు. 101 కన్నా 118 కష్టమేమోనని ఒక పిల్ల భయపడితే, “ఎన్కల ఉన్న రెండంకెలు సాంచె మీద రాసిన నంబరసొంటియి. పద్దెన్మిదో సాంచె ఒకటో సాంచె కన్న బరువుంటదా?” అన్నాడు. ప్రొఫెసర్లు ఇంత తేటగా చెప్పగా నేను వినలేదు.

నేను కింది మెట్లు చదివి, మూడో ఏడాదిలో అదే 301 మళ్లీ తీసుకుని మంచి మార్కులతో పాసయ్యాను. లోపం నా బుర్రలోనూ లేదు, కాకలోనూ లేదు. అప్పుడైనా ఆ మాట ఆయనకు చెప్పవలసింది. చెప్పలేదు. నా పౌరుషం అంత గొప్పది.

పిల్లల ఫారాలు కాలేజీలో ఇచ్చేముందు ఆయన ఒకసారి నాకు చూపించేవాడు. నేను చూసి, మాట్లాడకుండా తిరిగిచ్చేదాన్ని. ఈ జూన్‌లో పక్కింటి స్రవంతి ఫారం పట్టుకుని వచ్చాడు.

“జర చూడు బిడ్డా, గిట్ల సరేనా?”

చూశాను. ఎప్పటిలాగే చేతిలో పెట్టేశాను. కాక గడప దగ్గర కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. ఆ తర్వాత పన్నెండు రోజులే బతికాడు.

ఆ కాలేజీ ఇప్పటికీ నంబర్ల అర్థాన్ని ఆఖరి పేజీలోనే అచ్చువేస్తోంది. దాన్ని చేత్తో పట్టుకుని ముందుకు తెచ్చిన మనిషి ఇక లేడు. ఆ చోటు ఏ విద్యాభిమానీ నింపలేడు. దండలు వేసేవాళ్లు వేశారు. నా దగ్గర ఉన్నది ఆయనకు బాకీపడ్డ ఒక్క మాటే.

కాకా, స్రవంతి ఫారం చూసిన. సరిగ్గనే ఉన్నది.