టౌన్ మాటల నోటుబుక్కు

దమ్మపేట దగ్గర ఆడపిల్లల హాస్టల్ బడిలో నేను తెలుగు టీచర్ని. మాటలకు అర్థాలు చెప్పడమే నా బతుకుతెరువు. అలాంటి నాకు ఒక మాటకు అర్థం చెప్పింది పదో తరగతి పిల్ల. అదీ తను బడిలో లేనప్పుడు.

ఫిబ్రవరిలో ఆ పిల్ల మంచం ఖాళీ అయింది. తల్లి వచ్చి మిరప కోతకు తీసుకుపోయిందన్నారు. మా దగ్గర ఇది కొత్త కాదు. అడవి ఊళ్ళ జనం ముఠాలు కట్టుకుని ఖమ్మం వైపు కాయ కోయడానికి పోతారు. చేతికి ఎదిగిన పిల్లలుంటే వాళ్ళనూ వెంటబెట్టుకుంటారు. కోతలు అయ్యేసరికి పరీక్షలూ అయిపోతాయి. అట్లా పోయిన పిల్ల మళ్ళీ బడి ముఖం చూడటం చాలా అరుదు.

మూడో రోజు పక్క మంచం పిల్ల ఒక నోటుబుక్కు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. పరుపు కింద దొరికిందని చెప్పి, నేను నోరు తెరిచేలోపే జారుకుంది. అట్ట మీద ‘టౌన్ మాటలు’ అని రాసి ఉంది.

ఆ పిల్ల ఇంట్లో కోయ మాట్లాడతారు. తెలుగు బడికొచ్చాకే నేర్చుకుంది. పుట్టినప్పటి నుంచి మాట్లాడేవాళ్ళం మనం ఏం అంటున్నామో పట్టించుకోం. కష్టపడి నేర్చుకున్నవాళ్ళు మాత్రం అంటున్నది ఒకటి, జరుగుతున్నది ఒకటి అని కనిపెడతారు. ఈ పిల్ల కనిపెట్టి ఊరుకోలేదు, రాసిపెట్టింది.

‘పర్లేదు’ అన్న మాటకు ఎదురుగా, ‘బాదైంది గని ఇప్పుడు చెప్ప’ అని ఉంది. ‘ఒక్క నిమిషం’ ఆఫీసుల్లో అనేదట, మధ్యాహ్నం అన్నం గంట కొట్టేదాకా అని అర్థమట. ‘అడ్జస్ట్ అవ్వండి’ అనేది బస్సుల్లో వినపడుతుందట, లేచి నిలబడేది ఎప్పుడూ మనమేనట. ‘లైట్ తీస్కో’ గురించి, ‘మనం ఏడుస్తుంటె దోస్తులు అంటరు. ఏడుపు ఆగది గని నవ్వొస్తది’ అని రాసింది. ‘భోంచేసి వెళ్ళు’ దగ్గర చదవడం ఆపేశాను. ‘ఇగ పొమ్మని. మా ఊళ్ళె ఐతె పల్లెం పెట్టినంకనే అంటరు’ అని ఉందక్కడ. పోయిన నెల, హాస్టల్ ఆవరణలోనే ఉన్న మా ఇంటి గడపలో నిలబెట్టి ఆ పిల్లతో నేనన్న మాటే అది.

ఆ తర్వాతి పేజీలో ‘చూస్తా’ ఉంది. ‘చెయ్యరు అని అర్థం. లేదంటె మనం ఏడుస్తమని గిట్ల అంటరు. మా మేడం దినాం అంటది.’

నాకు ముక్కు మీదే కోపం. ఒళ్ళు భగ్గుమంది. జ్వరమొస్తే పక్కన కూర్చున్నదెవరు, చలికాలం దుప్పటి తెచ్చిచ్చిందెవరు అని ఖాళీ స్టాఫ్ రూములో గొణుక్కున్నాను. నోటుబుక్కు మూసేయబోతుంటే ఆ మూడు వాక్యాల కింద వేరే రంగు పెన్నుతో చేర్చిన ఒక్క ముక్క కనిపించింది. ‘ఐతారం.’

అప్పుడు గుర్తొచ్చింది. వారం ముందు నేను పేపర్లు దిద్దుతుంటే ఆ పిల్ల వచ్చి పక్కన నిలబడింది.

“మేడం, ఐతారం మా అమ్మొస్తది. పరీక్షలయ్యేదాక నన్ను తీస్కపోవద్దని ఒక్క మాట చెప్పుండ్రి. నా మాట ఇనది, మీ మాట ఇంటది.”

తలెత్తకుండానే, చూస్తాలే అన్నాను. ఆదివారం చర్చికి వెళ్ళాను. అటునుంచి అటే సత్తుపల్లిలో చుట్టాల గృహప్రవేశానికి వెళ్ళి, కడుపునిండా తిని, కాసేపు నడుం వాల్చి వచ్చాను. ఎవరో తల్లి సాయంత్రం దాకా వరండాలో కూర్చుని వెళ్ళిందని వాచ్‌మన్ చెబితే, అయ్యో అని చీర మార్చుకోవడానికి లోపలికి పోయాను. ఆ అయ్యోకు కూడా నోటుబుక్కులో ఏదో అర్థం ఉండే ఉంటుంది. వెతకడానికి ధైర్యం చాలలేదు.

మర్నాడు సెలవు పెట్టి మొదటి బస్సు ఎక్కాను. ముఠా ముదిగొండ దాటి ఎక్కడ దిగిందో పక్క మంచం పిల్లే చెప్పింది. ఆటో దిగి చేను గట్టెక్కగానే ఘాటుకు దగ్గు తెర కమ్మింది. ముఖానికి గుడ్డ చుట్టుకుని, వంగి కాయ కోస్తోంది మా పిల్ల. పక్క సాలులో తల్లి ఉంది. ఆ ఆదివారం చెప్పాల్సిన మాటలన్నీ అక్కడ నిలబడి చెప్పాను. తల్లి చేతులు ఆగలేదు కానీ, అంతా విన్నది.

“మీరు చెప్తె ఇందామనే ఆ దినం పొద్దూకెదాక కూసున్న మేడమ్మా,” అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది. “ఇప్పుడు సాల్ల ఉంది. నడుమ ఇడిసి లేస్తె రేపు మమ్ముల ముఠల కలుపుకోరు.”

అది వాళ్ళ కట్టుబాటు. పట్టిన సాలును అవతలి గట్టు దాకా కోసే లేవాలి. సగంలో వదిలితే ఆ భారం మిగతావాళ్ళ మీద పడుతుంది. ఏదో మర్యాద మాట నా నోటి దాకా వచ్చింది. మింగేశాను. కొంగు నడుముకు దోపుకుని, పిల్ల పక్కనే అదే సాలులోకి దిగాను.

గంటకే చేతులు మండిపోయాయి. తెలివితక్కువగా కన్ను నులుముకున్నాను. ముఠా ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. పిల్ల మాత్రం నవ్వకుండా సీసాలో నీళ్ళు తెచ్చి, నా తల వెనక్కి వంచి, కళ్ళు కడిగి మళ్ళీ పనిలో పడింది. అన్నాల వేళ దాటాక అవతలి గట్టు చేరాం. తల్లి వచ్చి మా సాలు వెనక్కి ఒకసారి చూసి, నేను వదిలేసిన కాయలు నాలుగు తెంపి సంచిలో వేసింది. తర్వాత బట్టల మూట తెచ్చి పిల్ల చేతిలో పెట్టింది.

“పరీక్షలయినంక నేనే వస్త. అందాక మీ పిల్ల,” అంది నాతో.

ఖమ్మంలో బస్సెక్కాం. అరచేతులు మండుతుంటే ముందు సీటు కడ్డీ పట్టుకోలేక చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వైరా వచ్చింది, తల్లాడ వచ్చింది. పిల్ల కిటికీలోంచి బయటికే చూస్తోంది. తల్లాడ దాటాక, తల తిప్పకుండానే అంది.

“మీరు రారనుకున్న మేడం.”

అట్లా ఎట్లా అనుకున్నావని అనొచ్చు. పర్లేదులే అనొచ్చు. ఇరవై ఏళ్ళుగా ఇలాంటి చోట అనడానికి నా దగ్గర మాటలకు కొదవ లేదు.

“నేను గూడ రాననే అనుకున్న,” అన్నాను.

అప్పుడు నా వైపు తిరిగింది.