నేను చదవకుండా వదిలేసిన ఏడో వరుస

పటాన్‌చెరు స్టాపులో పొద్దున్నే కంపెనీ బస్సు కోసం నిలబడితే అప్పుడప్పుడు ఒక వాసన వస్తుంది. సరుకు నింపుకున్న లారీ ఏదో సిగ్నల్ దగ్గర గట్టిగా ఆగుతుంది. చక్రాల సందుల్లోంచి సన్నటి పొగ లేస్తుంది. ఇనుము, కాలిన గోనెసంచి కలిసినట్టుండే ఆ వాసనకు పక్కవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుంటారు. నేను పెట్టుకోను. అది వేడెక్కిన బ్రేకు వాసన. ఒక ఖరీదైన కారు వెనక సీట్లో కూర్చుని, ఆ వాసన పీలుస్తూ నేను రాయడం నేర్చుకున్నాను. నేర్పిన మనిషికి ఇంగ్లీషులో ఒక్క అక్షరం రాదు. తెలుగు కూడా కూడబలుక్కుని చదివేవారు. పేరు సామేలు. మేమంతా సామేలు సార్ అనేవాళ్లం.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. డిగ్రీ అయిపోయాక, మా లక్డారం నుంచి రోజూ సైకిలు మీద వచ్చి, బ్రేకు ప్యాడ్లు చేసే ఒక ఫ్యాక్టరీలో ట్రైనీగా పనిచేసేదాన్ని. పెడల్ తొక్కితే చక్రం దగ్గరి ఇనుప పళ్లేన్ని రెండు వైపులా పట్టి ఆపే బిళ్లలు అవి. విదేశీ కంపెనీ ఒకటి తన కారుకు మా ప్యాడ్లు పనికొస్తాయో లేదో తేల్చమని ఒక కారునే పంపింది. పొడుగ్గా, నేలకు దగ్గరగా, వెండిరంగులో ఉండేది. వేగానికి ఎంత పేరో, లోపలి మనుషులకు దెబ్బ తగలకుండా చూడడానికి అంతకంటే ఎక్కువ పేరు. దాన్ని తోలేది సామేలు సార్. బ్రేకు తొక్కిన ప్రతి ఆపు ఎలా ఉందో వెనక కూర్చుని రాయడానికి ఒకరు కావాలి. అంతకుముందు ఇద్దరు మగపిల్లలు పోయి వాంతులు చేసుకుని వచ్చారు. "ఈ పిల్లకు నోరు లేదు, పని చేసుకుంటది" అని సూపర్‌వైజర్ నన్ను పంపాడు.

సామేలు సార్ నన్ను ఎగాదిగా చూసి, మెకానిక్ యాదగిరి వైపు తిరిగారు. "నోరు లేని పిల్లను ఇచ్చిండ్రేందిర? నాకు గట్టిగ సదివెటోళ్లు గావాలె."

"నయం గాద సార్? పోయినోడు నోరు తెరిసి సీటంత కరాబ్ జేసిండు," అన్నాడు యాదగిరి.

వెనక కూర్చున్నాను. కారు కదల్లేదు. అద్దంలోంచి నన్నే చూస్తున్నారు. "బెల్టు," అన్నారు.

"వెనక గూడనా సార్?"

"వెనక కూసున్నోళ్లకు పానం లేదా బిడ్డా?"

మా ఊరి అవతల, ఎప్పుడో రావాల్సిన ఫ్యాక్టరీ కోసం వేసి వదిలేసిన తారు రోడ్డు ఒకటుంది. బాణంలా నిటారుగా ఉంటుంది. బర్రెలు అడ్డం రాకుండా యాదగిరి ఎర్రగుడ్డ పట్టుకుని ఒక చివర నిలబడేవాడు. వంద వేగం అందుకోవాలి, సున్నం గీత దగ్గర ప్రతిసారీ ఒకే బలంతో తొక్కి ఆపాలి. అలా పదిసార్లు. వంద మీద కూడా ఆ కారులో ఉలుకూ పలుకూ ఉండదు. తుమ్మచెట్లే వెనక్కి పరుగెత్తేవి. ఆపు పడగానే బెల్టు తనంతట తానే బిగిసి నన్ను సీటుకు అదిమి పట్టేది. ఎవరో నా గురించి అంత పట్టించుకోవడం నాకు కొత్తగా ఉండేది.

పది ఆపులయ్యాక కారు వేపచెట్టు నీడలో పెట్టేవాళ్లం. అప్పుడు అసలు పని. కాగితం కింద డ్రైవరు సంతకం పెట్టాలి. చదవలేని కాగితం మీద సామేలు సార్ సంతకం పెట్టరు. నేను ఇంగ్లీషులో రాసిన పది వరుసలు తెలుగులో గట్టిగా చదవాలి. ఆయన ఒక్కో వరుసకు ఒక్కో వేలు ముడుస్తూ వినేవారు.

మొదటి రోజు పది వరుసల్లోనూ "బ్రేకులు బాగున్నాయి" అని రాశాను. నాలుగోదానికే ఆపేశారు. "బాగున్నయంటే ఏందమ్మా? పెండ్లిల అన్నం గూడ బాగుంటది. అయ్యింది రాయి. చెప్పులిడిసి కాళ్లు కింద ఆనియ్యి. బండి మాట్లాడేది అరికాలుతోనే."

అలాగే ఆనించాను. వారం రోజులకు నా పాదాలకు చెవులొచ్చినట్టయింది. గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా ఆ కారులో ఒక ఏర్పాటు ఉంది. అది పనిచేస్తే కింద సన్నగా టకటకమంటుంది. "అది బండి మనల్ని కాపాడే సప్పుడు, దానికి భయపడకు. వేరే వణుకుంటది, అది వస్తె చెప్పు," అనేవారు. నా డైరీ కూడా మారిపోయింది. అంతకుముందు "ఈ రోజు మనసేమీ బాగాలేదు" అని రాసుకునేదాన్ని. తర్వాత మనసు సంగతి మానేసి, సంగారెడ్డి పోయే బస్సులో ఎవరు ఎవరికి సీటిచ్చారో, అక్కడి లైబ్రరీలో నేనడిగిన పుస్తకం లేదన్న మనిషి మొహం ఎలా ఉందో రాయసాగాను. వెనక చదువుకుంటే మనసు ఏమైందో దానంతటదే తెలిసేది.

సార్‌ది జోగిపేట. లారీ తోలి, తర్వాత బస్సు తోలి, నలభై దాటాక ఇక్కడికి వచ్చారు. చర్చిలో పాటలన్నీ పక్కవాళ్ల గొంతు విని కంఠతా పట్టినవే. ఖాళీగా ఉంటే వాటిని సన్నగా పాడుకునేవారు. పెద్ద పెద్ద ఇంజనీర్లు వచ్చినా, మేనేజర్ ఆయన్ను ముందుకు పిలిచి "మా మిషన్లు చెప్పలేనిది సామేలు కాలు చెప్తుంది" అనేవాడు. అప్పుడు సార్ తల వంచుకుని తన పలచటి కాన్వాస్ బూట్ల వైపు చూసుకునేవారు. ఆ కాలే ఆయన చదువు. అది నాకు అర్థమైంది.

ఒక మధ్యాహ్నం షెడ్డు పక్కన కాళ్లు కడుక్కుని, రబ్బరు చెప్పులతో గేటు వైపు నడిచారు. ఒక చెప్పు నల్లా దగ్గరే ఉండిపోయింది. సగం దూరం పోయాక యాదగిరి కేకేశాడు. "ఓ సార్! ఒక చెప్పు మీతోని రానంటున్నది!"

అందరం నవ్వాం. ఆయనా నవ్వుతూ తిరిగొచ్చారు. ఎండకు కాలిపోతున్న కంకర మీద రెండుసార్లు వట్టికాలితో నడిచారు. ఒక్క అడుగు కూడా తొందరపడలేదు. ఇంటికి పోయి డైరీలో అదే రాసుకున్నాను. ఎందుకని మాత్రం ఆలోచించలేదు.

ఆ తర్వాతి వారం వెనక చక్రాలకు కొత్త ప్యాడ్లు వేశారు. ఆ కాగితం బాగుంటే సరుకు విదేశానికి బయలుదేరుతుంది. ఆరు ఆపులు మామూలుగా గడిచాయి. ఏడో ఆపులో నా పాదాల కింద నేల వణికింది. టకటక కాదు. పిండిగిర్ని నడుస్తుంటే దాని గోడకు వీపు ఆనించినట్టు, మందంగా, లోపల్నుంచి వచ్చే వణుకు. అద్దంలో సార్ మొహం చూశాను. నిమ్మళంగా ఉంది.

"ఏడు. ఏం లేదు, రాసుకో," అన్నారు.

ఆ క్షణంలో ఆయన వట్టికాలితో నడిచిన కంకర గుర్తుకొచ్చింది. కలం ఆగింది. తర్వాత రాసింది. "ఏడవ ఆపు: వెనక నేల బలంగా వణికింది. డ్రైవరుకు తెలియలేదు." అది రాయకపోతే ఆ ప్యాడ్లు ఎవరి కారుకో పోతాయి. అది సార్ వింటే ఇక స్టీరింగ్ ముందు కూర్చోరు. మిగతా మూడు ఆపుల్లో మనసంతా ఆ వరుస మీదే ఉండి, అరికాళ్ల కింద ఏమైందో నాకు తెలియలేదు.

వేపచెట్టు కింద చదవడం మొదలుపెట్టాను. ఆరు చదివాను. ఎనిమిదికి పోయాను. తొమ్మిది, పది. ఇంగ్లీషు కాగితం కదా, మేనేజర్ చదువుకుంటాడు, సార్ బాధ నా కళ్లముందు జరగదు అనుకున్నాను. అంతే అనుకున్నాను.

ఆయన చేతులు చూశాను. ఒక చిటికెన వేలు ముడవకుండా మిగిలింది.

"తొమ్మిదే అయినయి."

"పది సదివిన సార్."

"నాకు సదువు రాదు గని లెక్కొస్తది బిడ్డా. ఏడోది ఏమాయె?"

యాదగిరి చాయ్ గ్లాసు నోటి దగ్గరే ఆపేశాడు. చదివాను. నాకే వినపడలేదు. "జోర్‌గ," అన్నారు. మళ్లీ చదివాను. రెండో వాక్యం కూడా.

కుడికాలి బూటు వైపు చూసుకున్నారు. తర్వాత "నాకెందుకు తెల్వలే?" అన్నారు, నన్ను కాదు, కాలిని అడిగినట్టు.

"మొన్న చెప్పు ఇడిసినప్పుడు గూడ తెల్వలే సార్," అన్నాను. "కంకర కాలుతుండె."

తాళం తీసి యాదగిరి చేతిలో పెట్టారు. "నువ్వు తోలుర." నా పక్కన వెనక సీట్లో కూర్చున్నారు. బెల్టు పెట్టుకున్నారు. బూట్లు విప్పి పాదాలు నేలకు ఆనించారు. మళ్లీ మొదటి నుంచి లెక్క. ఏడో ఆపులో నేల వణికింది. నేను ఆయన వైపు చూసి తలూపాను. ఆయన మొహంలో ఏమీ లేదు. యాదగిరిని ఇంకో నాలుగు ఆపులు తోలమన్నారు. వంగి, అరచేయి నేల మీద పరిచి ఉంచారు. మూడోదానికి "ఆఁ," అన్నారు. "ఉన్నది. మస్తు ఉన్నది."

కారు దిగాక కాగితం నా ముందుకు జరిపారు. "కింద ఇంకోటి రాయి. డ్రైవరు కాలు మొద్దుబారింది. ఇంకోళ్లను సూసుకోండ్రి."

"వద్దు సార్."

"రాయి బిడ్డా." రాసేదాకా చూశారు. "నువ్వు రాసినందుకు నాకు కోపం లేదు. సదువు రానోడని ఒక వరుస తక్కువ జేసి సదివినవు సూడు, గది పెద్ద తప్పు." ఆ తర్వాత, నేను మొత్తం మళ్లీ చదివాక, సంతకం పెట్టారు.

సరుకు ఆగింది. ప్యాడ్లను వేడితో గట్టిపరిచే పద్ధతిలోనే లోపమని తేలి మళ్లీ చేశారు. సార్‌కు చక్కెర జబ్బని, దానివల్లే కాలికి స్పర్శ తగ్గిందని తెలిసింది. స్టోర్సులోకి మార్చారు. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఎదురుపడితే పక్కకు చూసేవారు. ఐదో రోజు నా టేబుల్ దగ్గరికి వచ్చి డాక్టర్ చీటీ ముందు పెట్టారు. "సదువు. అంత." కాలు జాగ్రత్త, ఎప్పటికీ బండి తోలకూడదు అన్న మాట కూడా చదివాను. విని, చీటీ మడిచి జేబులో పెట్టుకుని, "గొంతు జెర బాగయ్యింది నీది," అని వెళ్లిపోయారు. రెండేళ్ల తర్వాత పని మానేసి జోగిపేటకు పోయారు. మళ్లీ కలవలేదు. చనిపోయారన్న కబురు యాదగిరే తెచ్చాడు.

నేను ఇంకా ఆ ఫ్యాక్టరీలోనే ఉన్నాను. ఎక్కువ మాట్లాడను. భోజనం వేళకు మాత్రం ఎవరో ఒకరు ఏదో ఒక కాగితం పట్టుకుని నా దగ్గరికి వస్తారు. పోయిన వారం ఊడ్చే బాలమణక్క వచ్చింది. కాంట్రాక్టరు ఇచ్చిన కాగితం. వచ్చే నెల నుంచి పనిలోకి రావద్దని మొదటి వరుసలోనే ఉంది. అది చదివేసరికి ఆమె గోడకు ఆనుకుని కింద కూర్చుంది. నేను ఆగాను.

కాసేపటికి కళ్లు తుడుచుకుని అడిగింది. "ఇంకేమన్న రాసిండ్రా బిడ్డా?"

ఇంకా మూడు వరుసలున్నాయి. మొదటిదానికంటే మంచివేమీ కావు. ఆమె పక్కన నేల మీద కూర్చుని, గొంతు సవరించుకుని, మూడూ చదివాను.