వాంజెల్ బాబాయ్ తాగని కాఫీ

మా వాంజెల్ బాబాయ్ ఇంకొకరు డబ్బిచ్చిన కాఫీ తాగడు. ఇంత చిన్న సంగతికి ఒక మనిషి గురించి రాయాలా అనుకుంటారేమో, మా ఊరు వ్లోరాలో ఇది చిన్న సంగతి కాదు. మా ఊళ్ళో కాఫీ బిల్లు నేను కడతానంటే నేను కడతానని మనుషులు చొక్కాలు పట్టుకుంటారు. ఒకడు చేతులు కడుక్కుంటానని లేచి దొంగచాటుగా కౌంటర్లో డబ్బిచ్చి వస్తాడు. రెండోవాడు ఆ సంగతి తెలిసి నెల్లాళ్ళు అలుగుతాడు. అలాంటి ఊళ్ళో ఈయన లోపలికి రాగానే, కూర్చోకముందే ఎనభై లెక్‌లు కౌంటర్ మీద పెట్టి, "ఇది నా ఒక్కడి కాఫీకి. నాకెవరూ ఇప్పించొద్దు, నేనెవరికీ ఇప్పించను" అని హోటలంతా వినపడేలా చెబుతాడు.

కాఫీ ఒక్కటే అయితే సరిపెట్టుకునేవాళ్ళం. ఊరికే వచ్చేది ఏదైనా ఆయనకి పడదు. మందుల కొట్టువాడు కేలండర్ ఊరికే ఇస్తే, అవసరం లేకపోయినా రెండు తలనొప్పి మాత్రలు కొన్నాకే చంకలో పెట్టుకున్నాడు. ఒకసారి మంగలి సగం గడ్డం గీసి, "బాబాయ్, ఈ రోజు నీకు ఉచితం. మా అమ్మాయికి పెళ్ళి కుదిరింది" అన్నాడు.

"మీ అమ్మాయి పెళ్ళికీ నా గడ్డానికీ సంబంధం ఏంట్రా?"

"సంతోషం బాబాయ్!"

"నీ సంతోషం నా బుగ్గ మీద ఎందుకు?" అని, మిగిలిన సగం నురగతోనే లేచి ఇంటికెళ్ళి, డబ్బు తెచ్చి చేతిలో పెట్టి అప్పుడు కూర్చున్నాడు. ఆ దారిలో ఆయన్ని చూసిన పిల్లలు వారం రోజులు నవ్వారు.

పాత ప్రభుత్వంలో ఆయన తూనికల ఇన్‌స్పెక్టరు. బజార్లో తక్కెడలు పరీక్షించేవాడు. తక్కెడని చూడనక్కర్లేదట, తూచేవాడి మొహం చూస్తే చాలట. ఆ ఉద్యోగం పోయి ముప్పై ఏళ్ళు దాటినా ప్రశ్నలు పోలేదు. ఎవరైనా "ఫ్రీ" అంటే చాలు, కుర్చీ వెనక్కి జరిపి మూడు వేళ్ళు ఎత్తుతాడు. "ఎవరిస్తున్నారు? ఎందుకిస్తున్నారు? ఇచ్చేముందు నన్నేం అడుగుతున్నారు?" పెళ్ళిలో తీపి బాదంపప్పులు పంచే చిన్నపిల్లని కూడా ఇదే అడిగితే అది ఏడుస్తూ తల్లి దగ్గరికి పరిగెత్తింది.

నా పేరు ఇల్మి. ఆయన ఇంటి పక్కనే నాకు సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుంది. నాకు మా ఊరి మీద ఆశ లేదు. కోపంతో అంటున్న మాట కాదిది. తొంభై ఏడులో ఈ ఊరు ఇళ్ళమ్మి, గొర్రెలమ్మి, నెలనెలా కొండంత వడ్డీ ఇస్తామన్నవాళ్ళ చేతిలో పోసింది. అంతా మునిగాక మావాళ్ళు నేర్చుకున్నదేమిటయ్యా అంటే, బ్యాంకుల్ని నమ్మకూడదని! ముంచింది బ్యాంకులు కాదు మొర్రో అన్నా వినరు. ఇప్పుడు దాచుకున్నది డిజిటల్ డాలర్లుగా మార్చి ఫోన్లో పెట్టుకుంటున్నారు. ఆ ఫోన్లలో వాలెట్లు పెట్టి ఇచ్చింది నేనే కనక, ఏడ్చే హక్కు నాకు మిగతావాళ్ళకంటే ఎక్కువుంది.

అలా దాచుకున్నవాళ్ళలో ఫిచిరెత్ పిన్ని ఒకతె. పొరలు పొరలుగా జున్ను పెట్టి కాల్చే బ్యూరెక్ రొట్టెలమ్మి బతుకుతుంది. ఆవిడ పొయ్యి నిలువునా పగిలింది. దానికి తీగలు చుట్టి, మట్టి మెత్తి నెట్టుకొస్తూ, కొత్త పొయ్యి కోసం ఆరేళ్ళుగా కూడబెట్టినదంతా ఆ ఫోన్లోనే ఉంది. ఆ పొయ్యి పూర్తిగా కూలితే కొట్టు మూసుకోవడమే.

ఇలా ఉండగా మార్చిలో మా కుయ్‌తిమ్ అన్న ఒక శుభవార్త మోసుకొచ్చాడు. అతను ఫుట్‌బాల్ రిఫరీ, వెన్నలాంటి మనిషి. మైదానంలో పసుపు కార్డు చూపించి, ఆట అయ్యాక ఆ ఆటగాడికే కాఫీ ఇప్పించి క్షమాపణ చెబుతాడు. 'అడ్రియా కాయిన్' అని కొత్త క్రిప్టో వస్తోందట. ప్రచారం కోసం కాయిన్లు ఊరికే పంచుతున్నారట. పేరు నమోదు చేసుకుంటే కొన్ని, ఐదుగుర్ని చేరిస్తే ఇంకొన్ని. వాలెట్ కలిపితే, అందులో ఎంత ఎక్కువుంటే బహుమతి అంత ఎక్కువ. గడువు శనివారం మధ్యాహ్నం పన్నెండు. తెరమీద గడియారం వెనక్కి నడుస్తూ ఉంటుంది.

"మోసమైతే నాకు నలభై డాలర్లు ఎందుకొస్తాయి?" అని కుయ్‌తిమ్ అన్న ఫోను చూపించాడు. నిజంగానే వచ్చాయి. మొదట చేరిన కొద్దిమందికి నిజంగానే ఇస్తారు. వాళ్ళే కదా మిగతా ఊరిని లాక్కొచ్చేది.

ఇక్కడ మా ఊరి సంగతి ఇంకొకటి చెప్పాలి. ఎవరి కాఫీ తాగుతున్నామో, ఆ బల్ల దగ్గర అతని మాట కాదనకూడదు. ఎవరూ రాసిపెట్టలేదుగానీ, దీన్ని మీరినవాణ్ణి మళ్ళీ ఎవరూ పిలవరు. కుయ్‌తిమ్ అన్న ఆ వారమంతా లెఫ్తేర్ హోటల్లో అందరికీ కాఫీలు ఇప్పించాడు. లంచంగా కాదు, అతని స్వభావమే అది. తాగిన ప్రతివాడూ తల ఊపాడు. ఇరవై ముగ్గురు చేరారు.

నేనూ తాగాను. సిగ్గుగా ఉంది కానీ చెబుతాను. బుధవారం నాడు అతని ఫోన్లో వాలెట్ కలిపే పేజీ చూశాను. అడుగున ఇంగ్లీషులో సన్నటి అక్షరాల అనుమతి ఒకటుంది. చదవగానే సంగతి తెలిసిపోయింది. కానీ నా ముందు అతనిప్పించిన కాఫీ, దాని పక్కన అతనే తెప్పించిన బ్యూరెక్. "ఎలా ఉంది తమ్ముడూ?" అన్నాడు. "బాగానే ఉన్నట్టుందన్నా" అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

శనివారం పదకొండున్నరకి హోటలు పెళ్ళిల్లులా ఉంది. అందరూ ఒకేసారి వాలెట్లు కలపాలని ముహూర్తం పెట్టుకున్నారు. కుయ్‌తిమ్ అన్న మాత్రం గురువారమే తనది కలిపేశాడు. ఫిచిరెత్ పిన్ని చేతులకంటిన పిండి తుడుచుకుని ఫోను పట్టుకు కూర్చుంది. అప్పుడు వాంజెల్ బాబాయ్ వచ్చి, ఎనభై లెక్‌లు పెట్టి, తన ప్రకటన చదివి, మా బల్ల దగ్గర కూర్చున్నాడు.

"ఏంటమ్మా సంబరం?"

"ఫ్రీగా కాయిన్లిస్తున్నారు బాబాయ్" అంది పిన్ని.

కుర్చీ వెనక్కి జరిగింది. మూడు వేళ్ళు లేచాయి. "ఎవరిస్తున్నారు?"

"మొదలెట్టాడ్రా బాబూ!" అని హోటలంతా గొల్లుమంది.

"కంపెనీవాళ్ళు" అన్నాడు కుయ్‌తిమ్ అన్న.

"వాళ్ళ మొహం చూశావా?"

"ఫోటోలున్నాయి. అందరూ నవ్వుతున్నారు."

"ఎందుకిస్తున్నారు?"

"ప్రచారానికి బాబాయ్! నీకు చెప్పినా అర్థం కాదు. కాఫీ తాగు, నేనిప్పిస్తా."

"ముందు మనల్ని ఏం అడుగుతున్నారు?"

"ఏమీ అడగరు! ఒక్క బొత్తాం నొక్కాలి, అంతే. నీకు నా కాఫీ విషం, నా మాట విషం. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నా!"

"పోనీలే రిఫరీ, ఆయనకి పుట్టుకతోనే అనుమానం. తల్లి పాలు కూడా తూకం వేయించుకుని తాగుంటాడు" అంది పిన్ని. మళ్ళీ అందరూ నవ్వారు.

నేను ఒక్కణ్ణే నవ్వలేదు. బాబాయ్ ఫోన్ల వైపు చూడటం లేదు. నా మొహం వైపు చూస్తున్నాడు.

"ఇల్మీ, నీకు ఇంగ్లీషొచ్చు. చదివావా?"

"చదివాను బాబాయ్."

"ఏముంది?"

నేను కప్పులోకి చూశాను. తెరమీద పన్నెండు కావడానికి తొమ్మిది నిమిషాలుంది.

"ఆ కప్పు ఎవరిది?"

"కుయ్‌తిమ్ అన్న ఇప్పించింది."

బాబాయ్ లేచాడు. కౌంటర్ దగ్గరికెళ్ళి, "లెఫ్తేర్, ఈ బల్లకి రిఫరీ ఎంత కట్టాడు? అతనిది అతనికిచ్చెయ్. ఇవాళ అందరిదీ నాది" అని పర్సు తీశాడు. లెఫ్తేర్ చేతిలోంచి గరిటె జారిపోయింది. నవ్వుతున్నవాళ్ళు నోళ్ళు తెరిచినవి తెరిచినట్టే ఉండిపోయారు. వాంజెల్ ఇంకొకరికి కాఫీ ఇప్పించడం మా ఊళ్ళో ఎవరూ ఎరగరు.

ఆయన తిరిగొచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. "ఇప్పుడు నువ్వు తాగుతున్నది నా కాఫీ. చెప్పు."

చెప్పాను. ఆ బొత్తాం నొక్కితే మన వాలెట్లో ఉన్న డాలర్లన్నీ, ఎంతైనా సరే, ఎప్పుడైనా సరే, మళ్ళీ అడక్కుండా తీసుకోవచ్చని మనమే సంతకం పెట్టినట్టని చెప్పాను.

"అంటే నా పొయ్యి?" అంది పిన్ని.

"నీ పొయ్యి, నీ ఆరేళ్ళు, మొత్తం పిన్నీ."

ఆవిడ ఫోన్ని బల్లమీద బోర్లించింది. అప్పటికీ నమ్మకం కలగక, తీసి కుర్చీలో పెట్టి దానిమీద కూర్చుంది.

"అబద్ధం! నాకు నలభై వచ్చాయి కదా!" అని కుయ్‌తిమ్ అన్న అరిచాడు.

"నీది ఒకసారి తెరిచి చూడన్నా" అన్నాను.

తెరిచాడు. నలభై లేవు. వాటి కింద రెండు సీజన్ల రిఫరీ సంపాదన ఉండాలి, అదీ లేదు. టోపీ పెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయాడు.

ఊరు బాగుపడిందని చెప్పాలని నాకూ ఉంది. ఎదురు హోటల్లో, అన్న మాట నమ్మి చేరిన పద్నాలుగుమంది సరిగ్గా పన్నెండింటికి బొత్తాం నొక్కి చప్పట్లు కొట్టారు. బాబాయ్ ఆ గుమ్మంలో నిలబడి మూడు ప్రశ్నలూ గొంతు చించుకుని అడిగితే, "రా బాబాయ్, కూర్చో, కాఫీ మాది" అన్నారు. ఆ వేళ ఆయన మొహం చూడలేకపోయాను. సాయంత్రానికి కొందరి వాలెట్లు ఖాళీ. పోలీసులకి చెప్పడానికి ఒక్కడూ వెళ్ళలేదు, పరువు పోతుందని. ఈ ఊరికి నేనేం చెప్పను!

కుయ్‌తిమ్ అన్న నాలుగు రోజులు బయటికి రాలేదు. అతన్ని నమ్మి చేరినవాళ్ళు తలుపు బయట నిలబడి తిట్టిపోతున్నారు. ఐదో రోజు పొద్దున బాబాయ్ నా కొట్టుకొచ్చి, "మూసెయ్, పద" అన్నాడు. దారిలో, నేను అడక్కుండానే చెప్పాడు.

"తొంభై ఆరులో మా బావమరిది థోమా నాకు కాఫీ ఇప్పించి, ఆలివ్ తోట అమ్మి వడ్డీకిస్తున్నానన్నాడు. ఆ తక్కెడ దొంగదని నాకు కనబడుతూనే ఉందిరా. కానీ చేతిలో అతని కాఫీ ఉంది. శుభం అన్నాను. తోట పోయింది. యాభై ఎనిమిదేళ్ళ వయసులో రేవులో మూటలు మోశాడు. ఆ తర్వాత నేను ఎవరి కాఫీనీ తాగలేదు. ఎప్పుడు ఎవరికి 'వద్దురా' అని చెప్పాల్సొస్తుందో అని."

మేమంతా ఆయన్ని పిసినారి అన్నాం, పిచ్చివాడన్నాం. నేను ఇంకా చెడ్డ మాటలే అన్నాను.

కుయ్‌తిమ్ అన్న గడ్డం మాసి, చెప్పులీడ్చుకుంటూ తలుపు తీశాడు. "నువ్వూ తిట్టడానికే వచ్చావా బాబాయ్? తిట్టు."

"కాఫీ తాగడానికొచ్చాను."

"హోటలు అటు."

"నీ ఇంట్లో. నువ్వు పెట్టింది."

రిఫరీ నా వైపు చూశాడు. నేను భుజాలెగరేశాను. "డబ్బిస్తానంటే మాత్రం లోపలికి రానివ్వను" అన్నాడు.

"ఎవడిస్తాడు నీకు డబ్బు? జరుగు!"

కుయ్‌తిమ్ అన్న గబగబా కాఫీ కాచాడు. బాబాయ్ అడుగు మడ్డి దాకా తాగి, ఇంకో కప్పు అడిగి అదీ తాగాడు. అప్పుడుగానీ అన్న నోరు తెరవలేదు. తెరిచాక రెండు గంటలు ఆపలేదు. చివరికి తానే లేచి మొహం కడుక్కుని, "చిన్న మొత్తాలున్నవాళ్ళవి ఇంకా లాగలేదు కదా? ఆ అనుమతి రద్దు చెయ్యొచ్చు కదా ఇల్మీ? ఇంటింటికీ నేనే వెళ్ళి చెబుతాను. తిడితే తిట్టనీ" అన్నాడు. సాయంత్రానికి తొమ్మండుగురిని నా కొట్టుకి పట్టుకొచ్చాడు. తొమ్మండుగురే. మిగతావాళ్ళు తలుపు తియ్యలేదు.

ఆ పొద్దున అతని ఇంట్లోంచి బయటికొచ్చేటప్పుడు నేను బాబాయ్‌తో కొంచెం వెనకపడ్డాను. నాకిచ్చిన కప్పు ఒక్క గుక్కకే వదిలేశాను. కంగారులో చక్కెర అనుకుని అన్న ఉప్పు వేశాడు. ఈయన రెండు కప్పులెలా మింగాడో నాకు అంతుపట్టలేదు.

"కాఫీ ఎలా ఉంది బాబాయ్?" అని చెవిలో అడిగాను.

"అతని కాఫీ తాగి, అతని కాఫీనే ఏమంటాన్రా?" అన్నాడు, పెదాలు తుడుచుకుంటూ.