రత్నక్క పట్టుపురుగుల షెడ్డు

మనిషి అరవడం మానేస్తే చాలు, జబ్బు నయమైనట్టేనని మీకు చెప్పిందెవరు? మొన్న కెలమంగలంలో బస్సు దిగగానే పట్టుగూళ్ల మూటలు దించుతున్న ఆటో నుంచి ఆ పచ్చి వాసన ముక్కుకు తగిలింది. రత్నక్క గుర్తొచ్చింది. వెనకే కోపమూ వచ్చింది.

రత్నక్క మా పక్కింటి ఆడపడుచు. పోయినేడు గుండెజబ్బుతో పోయింది. పెళ్లైన కొత్తలోనే ఆమెకు స్కిజోఫ్రీనియా మొదలైంది. ఎవరూ లేనిచోట మాటలు వినిపించేవి. అత్తింటివాళ్లు తెచ్చి, పట్టుపురుగులు పెంచే తమ్ముడు మునిరాజు ఇంట్లో దింపిపోయారు. కృష్ణగిరి ఆసుపత్రి మాత్రలతో ఆ గొంతులు చాలావరకు తగ్గాయి. అక్కడితో అందరూ చేతులు దులుపుకున్నారు. ఆమె మాత్రం రోజంతా మూలన చాప మీద కూర్చునేది. తల దువ్వుకోవాలన్నా ఎవరో ఒకరు చెప్పాలి. "ఇప్పుడు మా యక్క బంగారమప్పా, నోరెత్తదు" అని మునిరాజు మురిసిపోయేవాడు.

ఒకసారి వాళ్లకు తోడుగా నేనూ ఆసుపత్రికి వెళ్లాను. ఎలా ఉన్నావని డాక్టరు ఆమెను అడిగితే మునిరాజు అందుకున్నాడు.

"బాగుండాది సార్. గొడవే లేదు."

రత్నక్క తలెత్తింది. "మా ఇంట్లో రోలు గూడా గొడవ చెయ్యదు సార్. నాకు పొద్దున్నే లేసేకి కాలేదు. పురుగులకు ఆకెయ్యాలని ఉండాది. ఏమన్నా చెయ్యండి."

డాక్టరు నవ్వి, మాత్ర మోతాదు కాస్త తగ్గించి, పెందలాడే వేసుకోమన్నాడు. అంతే! ఆ నాలుగు మాటలు ఆమెను మాట్లాడనివ్వడానికి మనకు ఏళ్లు పట్టింది.

మునిరాజు గొణుగుతూనే ఆమెను పట్టుపురుగుల షెడ్డులోకి రానిచ్చాడు. ఆకు వేయాలి కాబట్టి లేచేది. మురికి చేతులతో పురుగుల దగ్గరికి పోకూడదు కాబట్టి ముందే స్నానం చేసేది. గొంతులు పూర్తిగా పోయాయా అని అడిగితే నా మీదే మాట విసిరింది: "యాడ పోతాయప్పా? నువ్వూ పొద్దస్తమానం అరుగు మీద వాగుతానే ఉంటావు. నేను ఆకు కొయ్యడం మానినానా?"

ఆ ఏడు వానలకు పురుగులు తెల్లగా బిగుసుకుని చచ్చాయి. తేమకు పట్టే బూజు రోగం అది. వీధిలో చాలా షెడ్లలో అదే గతి. నేరస్థురాలు దొరికింది మాత్రం మునిరాజు ఇంట్లోనే. షెడ్డు తలుపుకు నిమ్మకాయ కట్టి, తాళం వేసి, అక్కను మళ్లీ చాప మీదికి తోలాడు. నేను వాకిట్లో నిలబడి బూజు గురించి, మూఢనమ్మకాల గురించి ఉపన్యాసం మొదలుపెట్టాను. రత్నక్క నా చొక్కా పట్టి లాగింది.

"నీ మీటింగు చాలప్పా." తమ్ముడి వైపు తిరిగింది. "మన పురుగులు నా వల్లనే చచ్చినాయి. సరే. ఎదురింటోళ్లవి ఎవురి పిచ్చికి చచ్చినాయిరా?"

మునిరాజు తాళంచెవి మొలలో దోపుకున్నాడు. తాళం తీయలేదు. మనవాళ్ల సంగతే ఇది, వాదంలో ఓడినా పట్టు వదలరు! మళ్లీ చాప మీదికి చేరిన ఆమె స్నానం మానేసింది, మాట మానేసింది. ఇల్లంతా ప్రశాంతంగా ఉందని చుట్టాలు మెచ్చుకున్నారు.

మరుసటి పంటలో పురుగులు పెరిగి, ఎంత ఆకు వేసినా సరిపోని దశకు వచ్చాయి. మునిరాజు భార్య ఆకుల మోపు వాకిట్లో పడేసింది. "నీ నిమ్మకాయ వచ్చి ఆకేస్తాదా? నేనొక్కదాన్నే యాడ సచ్చేది?" అని మొగుడి చేతిలోంచి తాళంచెవి లాక్కుని తలుపు తీసింది. వదినను చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. చెప్పకుండానే తల దువ్వుకునే స్థితికి రత్నక్క మళ్లీ రావడానికి ఆ పంటంతా పట్టింది.

ఎన్నో సభల్లో మాట్లాడాను. ఎదురింటి పురుగుల ప్రశ్నంత సూటి ప్రశ్న ఇంతవరకు నాకు తట్టలేదు. "మావాడు ఇప్పుడు నెమ్మదిగా ఉన్నాడు" అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. పొద్దున్నుంచీ ఏం చేశాడని ఎదురు అడుగుతాను.

మీ ఇంట్లో అలాంటి మనిషి ఉంటే మాత్రలు మానిపించకండి. కానీ మాత్ర మింగించి మీ పని అయిపోయిందనుకోకండి. ఏ పని చేయాలని ఉందో ఇవాళే అడగండి, అప్పగించండి. రేపు ఏదైనా చెడితే కారణం వెతకండి. ఆ పనిని మాత్రం వాళ్ల చేతుల్లోంచి లాక్కోకండి.